మూడు మందు సీసాలతో నారాయణగూడకు

ఎర్రగుంట్లలో రైలెక్కింది మొదలు కాచిగూడలో దిగేదాకా ఓబులేసు చిన్నాయన ఆ పెట్టెను కింద పెట్టలేదు. తెల్లటి థర్మోకోల్ పెట్టె. దాని చుట్టూ పాత పంచె గుడ్డ చుట్టి, ముడి వేసి, ముడి మీద లక్క కరిగించి మా పశువుల డాక్టరు గారు ముద్ర కొట్టారు. లోపల ఐసు ముక్కల మధ్య మూడు ఇంజెక్షన్ సీసాలు. సీసాలు నా షాపువి. పెట్టె మాత్రం ఆయన ఒళ్ళో. దారిలో నేను సీసాలు మార్చేస్తానని ఆయన అనుమానం.

మాది ప్రొద్దుటూరు దగ్గర ఒక చిన్న ఊరు. ఫార్మసీ డిప్లొమా చేసి, పెళ్ళయ్యాక ఊళ్ళోనే పశువుల మందుల షాపు పెట్టుకున్నాను. రేకుల కప్పు, ఒక ఫ్యాను, టీకాలకు ఒక ఫ్రిజ్జు. ఓబులేసు చిన్నాయన నాకు చుట్టమేమీ కాడు. పెద్ద వయసు మగవాళ్ళను మా వైపు అలాగే పిలుస్తాం. ఆయనకు ఎనభై దాకా గొర్రెలు. 2012 వేసవిలో ఆ మందలో దగ్గు మొదలైంది. ముక్కుల వెంట చీమిడి, ఒళ్ళు కాలిపోవడం, మేత ముట్టకపోవడం. డాక్టరు గారు చూసి ఊపిరితిత్తుల జబ్బని, ఆక్సీటెట్రాసైక్లిన్ ఇంజెక్షన్ రాశారు. చాలా మామూలు మందు. గోధుమ రంగు సీసాలో పసుపుపచ్చని ద్రవం. నా దగ్గరే కొన్నారు. సూదులు పడ్డాయి. జ్వరం దిగలేదు సరికదా, గొర్రెలు ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి.

మందులో విషముందని చిన్నాయన ఊరంతా చెప్పాడు. కంపెనీ మనిషి వచ్చి మా కప్పు వైపు చూసి, ఈ రేకుల కింద మందు ఉడికిపోయి ఉంటుంది, మాకేం సంబంధం అన్నాడు. ప్రభుత్వం వాళ్ళు శాంపిల్ పట్టుకుపోయారు గానీ ఆ జవాబు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. ఈలోగా మిగిలిన గొర్రెలకు వేరే కంపెనీ మందు వేద్దామని డాక్టరు గారు బతిమాలితే చిన్నాయన దొడ్డికి అడ్డంగా నిలబడ్డాడు. సూదిలో ఏముందో తేలేదాకా ఇంకో సూది పడనివ్వనన్నాడు. అందుకే ఈ ప్రయాణం. డాక్టరు గారికి నారాయణగూడలో ఒక ప్రైవేటు ల్యాబు తెలుసు. ఫోన్ చేసి చెప్పారు, చేతికో ఉత్తరం రాసిచ్చారు.

చిన్నాయన భయం విషం గురించి. నా భయం వేరు. మధ్యాహ్నం పూట మా షాపు అలమర మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. కంపెనీ మనిషి చెప్పిందే నిజమైతే?

కాచిగూడ

స్టేషన్ ఎదుట లాడ్జిలో గుమాస్తా మా ఇద్దరినీ, పెట్టెనూ మార్చి మార్చి చూశాడు.

"ఏం రిష్తా మీది?"

"మా ఊరాయన" అన్నాను.

"గట్లనా. రెండు రూములు తీస్కోండి అయితే. రూముకు మూడొందలు."

మా ప్రొద్దుటూరులో అంతకు సగం ఇస్తే కిటికీ ఉన్న గది దొరుకుతుంది. ఇక్కడ కిటికీ ఉంది గానీ తెరిస్తే పక్క ఇంటి గోడ. స్నానం చేసి కిందికి వచ్చేసరికి చిన్నాయన ఎదుట హోటల్లో బల్ల మీద పెట్టె పెట్టుకుని ఇరానీ చాయ్ ముందు కూర్చుని ఉన్నాడు. చిన్న కప్పు, చిక్కటి టీ, ఎనిమిది రూపాయలు. మా ఊళ్ళో నాలుగు రూపాయలకు గ్లాసు నిండా పోస్తారు. పక్కన బిస్కెట్టును టీలో ముంచి, అది విరిగి పడిపోతే వేలితో తీసుకుంటున్నాడు. నిన్నటి నుంచీ ఆయన తిన్నది అదే.

హోటలాయన సరదాకు పలకరించాడు. "పెట్టెల ఏముంది పెద్దాయన? చేపలా?"

"విషం" అన్నాడు చిన్నాయన.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం సాగుతున్న రోజులు. మర్నాడు బంద్ ఉండొచ్చని అనుకుంటున్నారు. స్టేషన్ చుట్టూ పోలీసులు నిలబడి ఉన్నారు. పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న కానిస్టేబుల్ కప్పు కింద పెట్టి లేచి వచ్చాడు.

"ఏమన్నవ్? విప్పు జర, చూస్త."

చిన్నాయన పెట్టెను రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. "విప్పేది లేదు సారూ. ముద్ర పగిలితే ఇంగ నేను ఒప్పుకోను."

ఆ లక్క పగిలిందంటే ల్యాబులో ఏం తేలినా ఊళ్ళో ఎవరూ నమ్మరు. వెనక్కి పోవడం తప్ప ఇంకేమీ ఉండదు. కానిస్టేబుల్ అప్పటికే ముడి మీద చెయ్యి వేశాడు. నేను బ్యాగులోంచి డాక్టరు గారి ఉత్తరం తీసి ఆయన ముందు పట్టుకున్నాను. గొర్రెలు చచ్చిపోతున్నాయని, మందు పరీక్షకు తీసుకుపోతున్నామని గబగబా చెప్పాను. ఆయన ఉత్తరం మీది ప్రభుత్వ ముద్రను చూశాడు. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఐసు నీళ్ళు కదిలిన చప్పుడు. మళ్ళీ ఊపాడు. చివరికి పెట్టెను చిన్నాయన చేతుల్లో పెట్టాడు.

"మాటలు జర సంభాళించుకో పెద్దాయన. దినాలు మంచిగ లేవు."

చిన్నాయన నా వైపు చూడలేదు. చెరకు రసం బండి దగ్గర గుప్పెడు ఐసు అడిగి తెచ్చాను గానీ, ముద్ర తియ్యకుండా లోపల వెయ్యడం కుదరదని తర్వాత గుర్తొచ్చింది. ఆ ఐసు నా చేతిలోనే కరిగిపోయింది.

నారాయణగూడ

ఆటోలో బర్కత్‌పురా మీదుగా నలభై రూపాయలు. ఫ్లైఓవర్ కింద నుంచి పోయి మార్కెట్ వెనక సందులో దిగాం. లిఫ్టు పని చెయ్యడం లేదు. మూడో అంతస్తుకు ఎక్కేసరికి చిన్నాయన ఆయాసపడుతున్నాడు. పెట్టె నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

పరీక్ష చేసే ఆమె పేరు శోభ. నలభై ఏళ్ళుంటాయి. తెల్ల కోటు మీద దుపట్టా వెనక్కి ముడేసుకుని వచ్చారు. మా ఎదుటే లక్క చూశారు, చిన్నాయనను కూడా చూడమన్నారు, తర్వాతే కత్తెర పెట్టారు. మూడు సీసాల మీదా ఒకటే బ్యాచ్ నంబరు. దాన్ని పైకి చదివారు.

"ఇందులో విషముందో లేదో చెప్పమ్మా. మాకు అంతే కావాల" అన్నాడు చిన్నాయన.

"జర ఆగుండ్రి పెద్దాయన. ముందు మందు ఎంతుందో చూస్త. తర్వాత మందు కానిదేమన్నా ఉందా చూస్త."

లోపలి గదిలో ఏసీ చల్లగా ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన పెట్టెల్లాంటి యంత్రం, పక్కన కంప్యూటరు. హెచ్‌పీఎల్‌సీ అంటారు దాన్ని. చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ చూశాను, కళ్ళతో చూడటం అదే మొదలు. శోభ గారు జానెడు పొడవున్న ఒక స్టీలు గొట్టాన్ని చూపించారు.

"దీంట్ల మస్తు సన్నని పొడి కూరి ఉంటది. మీ మందును పల్చగ చేసి, ఒక చుక్క ఇందులకు పంపుతోటి నెడత. ఒక్కో పదార్థం ఒక్కో వేగంతోటి బయటికొస్తది. వచ్చినప్పుడల్లా స్క్రీన్ మీద గుట్ట లేస్తది. మందు ఎంతుంటే గుట్ట గంత పెద్దగ."

చిన్నాయన గొట్టాన్ని వంగి చూశాడు. "దొడ్డి సందులో నుంచి గొర్రెలను ఇడిసినట్ల. ఉరికేటివి ముందొస్తాయి, కుంటివి ఎనకొస్తాయి."

"అంతే" అన్నారు శోభ గారు.

నేను అసలు అడగాలనుకున్నది అడిగాను. "మేడమ్, ఎండకు చెడిపోయి ఉంటే తెలుస్తుందా?"

ఆమె నా వైపు సూటిగా చూశారు. "తెలుస్తది. ఎండకు చెడిన మందు మాయమైపోదు కదా. వేరే పదార్థాలుగ మారుతది. గవి చిన్న చిన్న గుట్టలై కనబడతయి. మీ సీసాలోంచి కొంచెం తీసి నేనే ఓవెన్‌ల పెట్టి చెడగొడత. చెడితే ఎట్లుంటదో పక్కపక్కన పెట్టి చూసుకుందం. ఇంకొక పని మీరు చెయ్యాలె. ఇదే బ్యాచ్ సీసా, ఏసీ షాపుల ఉన్నది ఒకటి తెండి. రెండూ ఒక్క తీరు వస్తే మీ రేకుల పంచాయతీ తెగిపోతది."

ఆ మాటతో చిన్నాయన కళ్ళు చిన్నవయ్యాయి. "నేను కూడా పోతా కొనడానికి" అన్నాడు.

చిక్కడపల్లి

పశువుల మందుల షాపులు నారాయణగూడలో రెండు చూశాం. ఒకచోట ఆ కంపెనీ మందే లేదు. ఇంకోచోట ఉంది గానీ బ్యాచ్ వేరు. ఎండ నెత్తిన పడుతోంది. చిక్కడపల్లి వైపు నడిచాం. ఇక్కడి వీధుల్లో మనుషులు నడిచే చోటు అంటూ ఏదీ ఉండదు. బండ్లు, పుస్తకాల దుకాణాలు, పూలవాళ్ళు, వాటి మధ్యలోంచి బస్సు. కుక్కలకు, పిల్లులకు మందులమ్మే షాపులే ఎక్కువ. ఒకచోట అద్దాల బీరువాలో కుక్కలకు సబ్బు, షాంపూ, ఎముకలాంటి బిస్కెట్లు. చిన్నాయన ధర అడిగి, విని, ఇంకోసారి అడిగాడు. కుక్క సబ్బు నూట ఇరవై. ఆయన జీవితంలో తనకోసం కొన్న ఏ సబ్బూ పదిహేను దాటలేదు.

నాలుగో షాపులో చల్లగా ఉంది. గల్లా దగ్గర అరవై దాటిన ఆయన. వెనక గోడకు ఏసీ. ఆ మందు పేరు చెబితే అలమర చూపించాడు. నేను సీసాలు తిప్పి బ్యాచ్ నంబరు వెతకడం మొదలుపెట్టాను.

"ఏంది అక్కా, బ్యాచ్ నంబర్ చూసి కొంటరా? డేట్ చూస్తరు గాని!"

ఐదో సీసా మీద మా నంబరే ఉంది. "ఇది కావాలి, బిల్లు ఇవ్వండి, బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయండి" అన్నాను. ఆయన సీసా వెనక్కి లాక్కున్నాడు.

"మీరు ఇన్‌స్పెక్టరా? ఎందుకు పరేషాన్ చేస్తున్నరు?"

నేను జవాబు వెతుక్కునేలోగా చిన్నాయన ముందుకొచ్చాడు. "నా గొర్రెలు సచ్చిపోతాండాయి సామీ. ఈ మందు పొడిచినాక. ఈయమ్మ షాపులోది. ఈయమ్మ చెడగొట్టిందా, కంపెనోళ్ళే చెడగొట్టినారా, తెల్సుకోవాల. నువ్వు చల్లగా పెట్టినావు కాబట్టి నీ సీసా కావాల."

ఆ షాపాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా మీద ఫిర్యాదు చేస్తున్న మనిషే నా కోసం బతిమాలుతున్నాడు. షాపాయన కాసేపు వేళ్ళతో బల్ల మీద కొట్టాడు.

"నేను గూడ గిదే అమ్మిన. మొన్న ఎల్బీ నగర్ నుంచి ఒకాయన వచ్చి బర్రెకు పని చేస్తలేదని లొల్లి చేసిండు. నేను ఆయననే తిట్టి పంపిన." సీసా మా వైపు తోశాడు. బిల్లు రాశాడు. "ఏం తేలిందో నాక్కూడా చెప్పుండ్రి. అప్పటిదాక ఇవి అమ్మ." మిగిలిన సీసాలు తీసి బల్ల కింద పెట్టాడు.

బయటికి వచ్చాక చిన్నాయన ఆ నాలుగో సీసాను కూడా తన జేబులోనే పెట్టుకున్నాడు.

ఆగిపోయిన గీత

ల్యాబుకు తిరిగొచ్చేసరికి శోభ గారు ముందు స్టాండర్డ్ పంపిస్తున్నారు. అంటే స్వచ్ఛమైన మందు, ఎంతుందో ముందే తెలిసినది. దానితో పోల్చి మన సీసాలో ఎంతుందో లెక్క కడతారు. స్క్రీన్ మీద గీత నేలబారుగా పోయి పోయి ఒక్కసారి పైకి లేచి దిగింది. దాని తర్వాత మా షాపు సీసా. గీత అదే చోట లేచింది గానీ, నడుము దాకా వచ్చి దిగిపోయింది.

నేను కుర్చీలోంచి లేచాను. "తక్కువుంది కదా మేడమ్?"

ఆమె పెదవులు బిగించి స్టాండర్డ్ మళ్ళీ పంపారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యంత్రం బ్యాటరీ మీద కూతలు పెడుతూ నడిచింది గానీ ఏసీ ఆగిపోయింది. గదిలో ఉక్క పెరిగింది. స్టాండర్డ్ గుట్ట ఈసారి పక్కకు జరిగింది, ఎత్తు కూడా మారింది. మూడోసారి ఇంకోలా వచ్చింది. ఆమె మౌస్ వదిలేశారు.

"ఇయ్యాల కాదు. గది వేడెక్కితే స్టాండర్డే సక్కగ వస్తలేదు. తూకం రాయే తప్పుంటే తూచి ఏం లాభం?"

"మొదటిసారి వచ్చింది చూసినాం కదమ్మా" అన్నాడు చిన్నాయన. "తక్కువుందని మాకే కనిపిచ్చె. ఒక కాగితం మీద రాసీ. నా ఇంటిదానికి ఫోన్ చేస్తా. ఆడ గొర్రెలు పడిపోతాండాయి."

"రాయను పెద్దాయన."

"నీకేం పోతాది?"

"రేపు కంపెనీ వకీలు వచ్చి స్టాండర్డ్ ఎన్నిసార్లు పంపినవు, అన్నీ ఒక్క తీరు వచ్చినయా అని అడుగుతడు. నేను లేదంట. మీ కాగితం అప్పుడే చింపేస్తడు. ఈ అక్క షాపు గూడ పోతది." ఆమె గొంతు పెంచలేదు. "మెషిన్‌ను ఇట్లనే నడవనిచ్చి పోత, రాత్రికి కుదురుకుంటది. ఓవెన్‌ల శాంపిల్ పెట్టిన. రేపొద్దుగాల రండి."

ఆమె చెప్పింది న్యాయమేనని నాకు తెలుసు. అయినా ఆ మెట్లు దిగుతూ ఆమెను తిట్టుకున్నాను.

అశోక్ నగర్

సాయంత్రం ఏం చెయ్యాలో తోచక అశోక్ నగర్ దాకా నడిచాం. ఆ వీధుల్లో ఏ గోడ చూసినా కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు. చేతిలో పుస్తకం పట్టుకుని చదువుకుంటూ నడిచే పిల్లలు. ఒక మూల ఇద్దరు ఆడవాళ్ళు పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేస్తున్నారు. రొట్టె పది రూపాయలు. చిన్నాయన మొదటిసారి ఆకలిగా చూశాడు. మా వైపు రొట్టె అరచేతి మందం ఉంటుంది, ఊరిబిండి పచ్చడి నూరి పెడతారు. ఇది పల్చగా, అప్పడంలా ఉంది. పచ్చడి కారం తగలక ఆయన ఉట్టి పచ్చిమిరపకాయ అడిగి కొరుక్కున్నాడు.

సగం రొట్టె దగ్గర ఫోన్ మోగింది. ఆయన భార్య. ఆయన విని, "రెండూనా?" అన్నాడు. కాసేపాగి, "ఆ మచ్చది కూడానా?" అన్నాడు. మిగిలిన రొట్టెను చుట్టి పక్కన పెట్టేశాడు.

"ఆ పొద్దు డాక్టరు మాట ఇని సూది ఏసింటే..." అని, మాట పూర్తి చెయ్యలేదు. "ఏసింటే ఇంగా బిరీన సచ్చుండునేమో. ఎవురికి తెల్సు."

మా మాట విని పక్కన తింటున్న అమ్మాయిల గుంపు ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఒకమ్మాయి తిరిగి చూసింది. "మీరు ఆంధ్రోళ్ళా అక్కా?"

ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నోరు తడబడేది. "కడప జిల్లా" అన్నాను మెల్లగా. ఏమంటుందోనని చూస్తున్నాను.

"రేపు బంద్ పక్కా. ఏడికి పోవాలన్నా ఆటోలు దొర్కయి. పొద్దుగాలనే బయల్దేరుండ్రి, పెద్ద చౌరస్తాల మీదకెల్లి పోకుండ్రి, గల్లీలల్లకెల్లి పోండి." ఆమె చిన్నాయన వైపు చూసింది. "మాది సిద్దిపేట దిక్కు తాతా. మాకు గూడ గొర్రెలున్నయి."

చిన్నాయన తలూపాడు. "ఎన్ని?" అని మాత్రం అడిగాడు.

బంద్ రోజు

తెల్లారి రోడ్ల మీద మనుషులు లేరు. షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. టీ కూడా దొరకలేదు. బర్కత్‌పురా సందుల్లో ఇళ్ళ ముందు మామూలుగానే ముగ్గులున్నాయి, నల్లా నీళ్ళు పడుతున్నారు. పెద్ద రోడ్డు దాటాల్సిన చోట మాత్రం టైరు కాలుతోంది. కుర్రాళ్ళ గుంపు, ఎదురుగా పోలీసుల వ్యాను. నినాదాలు గోడలకు తగిలి తిరిగొస్తున్నాయి. చిన్నాయన నా ముంజేయి పట్టుకున్నాడు. ఇద్దరం తల వంచుకుని పొగలోంచి అడ్డంగా నడిచాం. వెనక ఎవరో "ఏయ్, ఎక్కడికి?" అని అరిచారు. ఆగలేదు. అవతలి సందులోకి మళ్ళేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు.

ల్యాబు బిల్డింగు గేటుకు తాళం. వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు. "ఎవ్వరు రారు ఇయ్యాల. పోండి."

మెట్ల మీద కూర్చున్నాం. సాయంత్రం రైలుకు టికెట్లున్నాయి. అది తప్పితే ఎప్పుడో. చిన్నాయన ఫోన్ తీసి చూస్తాడు, మళ్ళీ జేబులో పెడతాడు. ఎండ మెట్ల మీదికి పాకింది. నాకు ఏడుపు వచ్చేలా ఉంది. ఇంతలో సందు మలుపులో తెల్ల కోటు మడిచి చంకలో పెట్టుకుని శోభ గారు కనిపించారు. అశోక్ నగర్ నుంచి నడిచి వచ్చారు. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని, ఒంటి కాలి చెప్పుతోనే వస్తున్నారు.

"మెషిన్ నడుస్తున్నది కదా. ఎట్ల వదిలేస్త?" అన్నారు గేటు తీయిస్తూ.

షాపులు, ఆఫీసులు మూసి ఉండటం వల్లనేమో, ఆ రోజు కరెంటు పోలేదు. ఆమె స్టాండర్డ్ పంపారు. మళ్ళీ పంపారు. మళ్ళీ. ప్రతిసారీ గుట్ట అదే చోట, అదే ఎత్తున లేచింది. చిన్నాయన కుర్చీ స్క్రీన్ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు ఒకటే గీతలా కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు కుదిరింది" అన్నారామె.

మొదట ఓవెన్‌లో ఉడికించిన శాంపిల్. అసలు గుట్ట కుంగిపోయింది. దాని ముందూ వెనకా, నిన్న లేని చోట్ల, బొడిపెలు బొడిపెలుగా నాలుగైదు గుట్టలు లేచాయి. ఎండకు చెడిన మందు ఇలా ఉంటుంది. ఆ బొడిపెలు నా కళ్ళలో గుచ్చుకున్నాయి. మా షాపు సీసాలోనూ ఇవే వస్తే, ఇక ఊళ్ళోకి ఏ ముఖంతో పోవాలి?

తర్వాత మా షాపు సీసా. గీత నేలబారుగా పోతోంది. ఉడికిన శాంపిల్‌లో మొదటి బొడిపె లేచిన చోటికి వచ్చింది. లేవలేదు. దాటిపోయింది. రెండోది. అక్కడ గీత కాస్త కదిలింది, చీమ తల అంత. శోభ గారు వేలితో చూపించారు. "ఇంత ఏ సీసాలోనన్నా ఉంటది. లెక్కల్లకు రాదు." తర్వాత అసలు గుట్ట లేచింది. స్టాండర్డ్‌తో పోలిస్తే సగానికి కాస్త పైదాకా. అక్కడితో ఆగి, దిగిపోయింది. మిగతా రెండు సీసాలూ అంతే. చిక్కడపల్లి ఏసీ షాపు సీసా, చిన్నాయన జేబులో తిరిగినది, దాని గీత మా గీత మీద అచ్చుగుద్దినట్టు పడింది.

ఆమె లెక్క రెండుసార్లు చేశారు. తర్వాత కుర్చీ మా వైపు తిప్పుకున్నారు.

"మందు చెడలేదు. చెడితే ముక్కలు కనపడాలె, లేవు. చల్లగ ఉన్న సీసాల గూడ ఇంతే ఉంది. అంటే సీసాలకు నింపినప్పుడే తక్కువ నింపిండ్రు. అక్క రేకులది తప్పు కాదు."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. సంతోషం వస్తుందనుకున్నాను. ముందు వచ్చింది కోపం. తర్వాత, నింపకుండా వదిలేసిన ఆ మందు వల్ల పడిపోయిన గొర్రెలు గుర్తొచ్చాయి.

చిన్నాయన ఇంకా స్క్రీన్ వైపే చూస్తున్నాడు. "విషం?"

"అన్ని విషాలను పట్టే మెషిన్ లేదు పెద్దాయన. అబద్ధం చెప్పను. ఇందులకెల్లి నాకు కనపడ్డ మటుకు, మందు తప్ప వేరేది లేదు. నీ గొర్రెలు సూదికి సచ్చిపోలే. సగం సూది సరిపోక రోగానికి సచ్చిపోయినయి. పూర్తి మందు పడితే ఉన్నయి బతుకొచ్చు."

ఆమె మాట నమ్ముతాడా లేదా అని నేను ఆయన ముఖంలోకి చూడలేక, ఆయన చేతుల వైపు చూస్తున్నాను. ఆ చేతులు ఫోన్ తీశాయి.

"డాక్టరు సారును పిల్చకరా. వేరే కంపెనీది. అన్నిటికీ ఏపిచ్చు... ఎవురు చెప్పడమేంది? నేనే చూసినా." గొంతు పెంచి మళ్ళీ అన్నాడు. "నా కండ్లతో చూసినా అంటే ఇనపడ్లా?"

ఊరు

రైలు ఆలస్యంగానైనా నడిచింది. శోభ గారు రాసిచ్చిన రిపోర్టు నా బ్యాగులో ఉంది. దారి పొడుగునా స్టేషన్ వచ్చినప్పుడల్లా చిన్నాయన సిగ్నల్ కోసం తలుపు దగ్గరికి పోయేవాడు. కర్నూలు దాటాక వచ్చి నా ఎదుట కూర్చుని, "ఒకటి పోయింది. రొండు లేసి నీళ్ళు తాగినాయంట" అన్నాడు.

మందలో సగానికి పైగా దక్కాయి. రిపోర్టు డాక్టరు గారి ద్వారా అధికారులకు చేరింది. మా జిల్లా షాపుల నుంచి ఆ బ్యాచ్ వెనక్కి పోయింది. చిక్కడపల్లి షాపాయనకు మాట ఇచ్చినట్టు ఫోన్ చేసి చెప్పాను. తప్పు ఎవరిదో తేల్చే విచారణ ఇంకా నడుస్తూనే ఉందంటున్నారు. కంపెనీ మనిషి మళ్ళీ మా ఊరు రాలేదు. నేను అప్పు చేసి షాపు రేకుల కింద సీలింగ్ వేయించుకున్నాను. తప్పు నాది కాదని తేలినా ఆ అలమర వేడి అబద్ధం కాదు కదా.

కొన్నాళ్ళకు చిన్నాయన దొడ్డికి పోయాను. దక్కిన వాటిలో ఒక ఈనిన గొర్రె ఉంది. పిల్లను నా చేతిలో పెట్టి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఒక మాట అడుగుతా. ఆ పొద్దు నీ రేకుల కిందనే చెడిందని తేలింటే, ఊర్లోకొచ్చి నిజం చెప్పిండేదానివా?"

చెప్పేదాన్నే అనబోయాను. ఆయన చూపు చూసి ఆగాను.

"తెలీదు చిన్నాయనా."

ఆయనకు కోపం రాలేదు. పిల్ల చెవి సవరించాడు.

"నాకూ తెల్దు. మందులో ఏ తప్పూ ల్యాదని ఆయమ్మ చెప్పింటే, నేను నమ్మిండేవాణ్ణో లేదో."